కేంద్రకం గోడ, భాస్వరం లెక్క

వానాకాలం సాగు మొదలయ్యే రోజుల్లో వరంగల్ జిల్లా నెక్కొండలోని ఎరువుల దుకాణాలకు డీఏపీ బస్తాలు వస్తాయి. బస్తా మీద 18-46-0 అని అచ్చువేసి ఉంటుంది. మొదటి అంకె నత్రజనిది, రెండోది భాస్వరానిది, మూడోది పొటాష్‌ది. డీఏపీలో పొటాష్ ఉండదు కనుక చివర సున్నా. పత్తి, మిరప పండించే రైతుకు భాస్వరం అంటే వేరుకు బలం. అదే భాస్వరం తిండి ద్వారా మన ఒంట్లో చేరి, ఎముకకు పోయింది పోగా, మిగిలింది ప్రతి కణంలోనూ రకరకాల పనులు చేస్తుంది. వాటిలో ఒకటి చాలామంది దృష్టికి రానిది. కణం రెండుగా చీలే ముందు దాని కేంద్రకం చుట్టూ ఉన్న గోడను ఊడదీస్తుంది. చీలడం పూర్తయ్యాక తాను తప్పుకుని ఆ గోడ మళ్ళీ లేవడానికి దారి ఇస్తుంది. ఈ సంగతి రుజువు కావడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ నూరేళ్ళను సాధారణంగా సూక్ష్మదర్శిని చరిత్రగా చెబుతారు. మంచి కటకాలు వచ్చాయి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వచ్చింది, కనిపించనిది కనిపించింది అంటారు. నా వాదన వేరు. చూపు మనకు ప్రశ్నను ఇచ్చింది, జవాబు ఇచ్చింది మాత్రం కొలత. అందులోనూ భాస్వరాన్ని కొలిచే విద్య. ఆ విద్యను గట్టిపరచినవారిలో ఒకరు భీమవరంలో పుట్టిన తెలుగువాడు. ఆ గోడ మీద మన దేశంలో ఏళ్ళ తరబడి పనిచేసిన ప్రయోగశాలల్లో ఒకటి హైదరాబాద్‌లో ఉంది. కనుక ఇది ఎక్కడో జరిగిన ఎవరిదో చరిత్ర కాదు.

జర్మన్ శాస్త్రజ్ఞుడు వాల్తర్ ఫ్లెమింగ్ 1882లో అచ్చువేసిన గ్రంథంలో కణవిభజనను దశలవారీగా బొమ్మలు గీసి చూపించాడు. సాలమాండర్ లార్వాల కణాలు పెద్దవి, రంగు పట్టిస్తే కేంద్రకంలోని దారాలు స్పష్టంగా తేలతాయి. ఆ దారాలు పొట్టిబడి లావెక్కడం, కేంద్రకం అంచు చెదిరిపోవడం, దారాలు నిలువునా చీలి రెండు వైపులా సర్దుకోవడం, చివరికి రెండు కొత్త కేంద్రకాలు తమ తమ అంచులతో నిలబడడం ఆయన చూశాడు. ఈనాటికీ ఇంటర్ తరగతి గదిలో సమవిభజన పాఠం దాదాపు ఈ బొమ్మల వరుసలోనే సాగుతుంది. ప్రథమ దశ చివర కేంద్రక త్వచం అదృశ్యమవుతుంది, అంత్య దశలో మళ్ళీ ఏర్పడుతుంది అని విద్యార్థులు రాసుకుంటారు. కంటికి కనిపించినంత మేరకు అది నిజమే. అయితే, పోయిన గోడ నశించిందా, నశిస్తే కొత్తది ఎక్కడి నుంచి వచ్చింది, నశించకపోతే ఎక్కడ దాగింది అనే ప్రశ్నలకు బొమ్మ జవాబివ్వదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వచ్చాక పరిస్థితి కొంత మారింది. కేంద్రకం చుట్టూ ఉన్నది జంట పొర అనీ, దానికి రంధ్రాలున్నాయనీ 1950 తర్వాత తేలింది. హార్వర్డ్ వైద్య కళాశాలలో డాన్ ఫాసెట్ 1966లో వెన్నెముక గల జంతువుల కణాల్లో లోపలి పొరకు ఆనుకుని పీచులాంటి పలుచని అల్లిక ఉందని వర్ణించాడు. దాన్నే కేంద్రక లామినా అంటాం. కేంద్రకానికి ఆకారాన్నీ దిటవునూ ఇచ్చే అసలు గోడ అదే. అయినా, విభజన వేళ అది ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

ఈలోగా మరో దారిలో మరో పని నడుస్తోంది. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర చేరి భాస్వరాన్ని కొలిచే పద్ధతి మీద పడ్డాడు. 1925లో ఇద్దరూ కలిసి ప్రచురించిన పద్ధతి ఇది: నమూనాలోంచి ముందుగా మాంసకృత్తులను తొలగిస్తారు. మిగిలిన ద్రవానికి ఆమ్లంలో కలిపిన మాలిబ్డేట్ చేరుస్తారు. ద్రవంలో ఫాస్ఫేట్ రూపంలో ఉన్న భాస్వరం దానితో జతకడుతుంది. తర్వాత ఒక క్షయకరణి చుక్కలు వేస్తే నీలం రంగు తేలుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఉంటే నీలం అంత చిక్కన. ఆ నీలాన్ని, పరిమాణం తెలిసిన మరో నమూనా నీలంతో పోల్చి లెక్క కడతారు. రక్తం, మూత్రం విషయంలో పద్ధతి చక్కగా పనిచేసింది. కండరం దగ్గరకు వచ్చేసరికి రంగు వెంటనే తేలి నిలవలేదు, నింపాదిగా చిక్కబడుతూ పోయింది. దాన్ని పద్ధతిలోని లోపంగా తోసేసి ఉంటే కథ అక్కడితో ఆగేది. ఫిస్కే, సుబ్బారావు ఆ ఆలస్యాన్నే సాక్ష్యంగా తీసుకున్నారు. కండరంలో ఫాస్ఫేట్ దేనికో కట్టుబడి ఉంది, ఆమ్లంలో పడ్డాక మెల్లగా విడివడుతోంది, అందుకే నీలం మెల్లగా వస్తోంది అని తేల్చారు. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. అదే దారిలో 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. మూడు ఫాస్ఫేట్లను వరుసగా మోసే ఈ ఏటీపీ కణానికి శక్తిని అందించేదిగా నేడు అందరికీ తెలుసు. మన కథకు కావలసింది దానిలోని మరో గుణం. చివరి ఫాస్ఫేట్‌ను విడదీసి ఇంకొకదానికి అంటించవచ్చు.

అంటించేది దేనికి? మాంసకృత్తులకు. వాటిలో భాస్వరం ఉండగలదని అప్పటికే తెలుసు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఫీబస్ లెవీన్ 1906లోనే గుడ్డుసొనలోని విటెల్లిన్‌లో దాన్ని గుర్తించాడు. 1932లో ఫ్రిట్జ్ లిప్మన్‌తో కలిసి, ఆ ఫాస్ఫేట్ సెరీన్ అనే అమైనో ఆమ్లానికి అంటుకుని ఉందని చూపించాడు. చాలాకాలం దీన్ని గుడ్డులో, పాలలో దాచుకున్న పోషకంగానే భావించారు. 1954లో జార్జ్ బర్నెట్, యూజీన్ కెన్నెడీ కాలేయంలో ఒక ఎంజైమ్‌ను చూపించారు. అది ఏటీపీలోని ఫాస్ఫేట్‌ను తీసి మాంసకృత్తుకు అంటిస్తుంది. అలాంటి ఎంజైమ్‌లనే కైనేజ్‌లు అంటాం. మరుసటి ఏడాది సియాటిల్‌లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కండరంలో ఇంకో అడుగు వేశారు. ఫాస్ఫేట్ అంటితే ఒక ఎంజైమ్ పనిలోకి దిగుతుంది, ఊడితే పని తగ్గిస్తుంది అని రుజువు చేశారు. వారికి 1992లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ మెట్టు చాలా ముఖ్యం. అప్పటిదాకా భాస్వరం పదార్థం, ఆపైన శక్తి. ఇక్కడి నుంచి అది ఆజ్ఞ కూడా. మాంసకృత్తును కొత్తగా తయారుచేయకుండా, ఉన్నదాన్ని నాశనం చేయకుండా, దాని నడతను మార్చి తిరిగి యథాస్థితికి తెచ్చే మార్గం దొరికింది. కేంద్రకం గోడ గురించిన పాత ప్రశ్నకు కావలసిన జవాబు రూపం సరిగ్గా ఇదే.

ఆ రెండు దారులూ కలిసింది 1970లలో, మళ్ళీ రాక్‌ఫెల్లర్‌లోనే. 1975లో ఆరన్సన్, గుంటర్ బ్లోబెల్ ఎలుక కాలేయ కేంద్రకాల నుంచి పొరల కొవ్వును, క్రోమాటిన్‌ను కడిగేసి రంధ్రాల సముదాయాలతో కూడిన లామినాను వేరుచేశారు. అందులో ప్రధానంగా ఉన్న మూడు మాంసకృత్తులకు లామిన్ ఏ, బీ, సీ అని పేర్లు వచ్చాయి. లారీ గెరేస్, బ్లోబెల్ బృందం వాటికి ప్రతిరక్షకాలు తయారుచేసి 1978లో కణవిభజన దశల్లో వాటి జాడ తీసింది. మామూలు కణంలో లామిన్లు కేంద్రకం అంచున ఉంగరంలా కనిపించాయి. విభజన వేళ కణమంతా పరుచుకున్నాయి. అంత్య దశలో తిరిగి కొత్త కేంద్రకాల అంచుకు చేరాయి. 1980లో గెరేస్, బ్లోబెల్ లెక్క పూర్తి చేశారు. విభజన వేళ లామిన్లు నశించడం లేదు, పెద్ద అల్లిక చిన్న చిన్న ముక్కలుగా విడిపోతోంది. ఏ, సీ రకాలు స్వేచ్ఛగా తిరుగుతాయి, బీ రకం పొరల ముక్కలను అంటిపెట్టుకుని ఉంటుంది. రేడియోధార్మిక భాస్వరంతో గుర్తుపెట్టి చూస్తే, విడిపోయిన లామిన్ల మీద ఫాస్ఫేట్ మామూలు వేళకంటే అనేక రెట్లు ఎక్కువగా ఉంది. పెళ్ళి అయిపోయాక పందిరి విప్పినట్టే ఇది. రాటలను నరకరు, తాటాకులను తగలబెట్టరు. కట్లు విప్పి పక్కన పెడతారు, మరో శుభకార్యానికి అవే రాటలు పాతుతారు. ఫ్లెమింగ్ కంటికి అదృశ్యమైన గోడ నిజానికి ఎక్కడికీ పోలేదని కొలత చెప్పింది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఫాస్ఫేట్ పెరగడం, గోడ ఊడడం ఒకే వేళ జరిగితే మాత్రం ఒకటి రెండోదానికి కారణమని ఎలా అంటాం? గోడ ఊడిపోయాక బయటపడిన లామిన్లకు ఫాస్ఫేట్ అంటి ఉండవచ్చు కదా? ఈ అభ్యంతరం న్యాయమైనది, దాన్ని దాటడానికి పదేళ్ళు పట్టింది. ముందుగా, విభజనను ప్రేరేపించే శక్తి ఏదన్నది తేలాలి. కప్ప అండాల్లో అలాంటి కారకం ఉందని 1971లో మసూయి, మార్కెర్ట్ చూపించారు. 1988లో దాన్ని శుద్ధి చేయగా అది ఒక కైనేజ్ అని తేలింది. ఈస్ట్‌లో పాల్ నర్స్ అధ్యయనం చేసిన సీడీసీ2, టిమ్ హంట్ సముద్రపు అర్చిన్ గుడ్లలో కనుగొన్న సైక్లిన్ జాతి మాంసకృత్తు కలిసి ఆ కైనేజ్ అవుతాయి. 1990లో మూడు ప్రయోగశాలలు ఇంచుమించు ఒకేసారి ముందుకు వచ్చాయి. ఎరిక్ నిగ్ బృందం శుద్ధమైన సీడీసీ2 కైనేజ్‌ను గాజు నాళికలో లామినాకు చేర్చి అది విడిపోవడం చూపించింది. గ్యారీ వార్డ్, మార్క్ కిర్ష్నర్ లామిన్ సీ మీద విభజన వేళ ఫాస్ఫేట్ అంటే చోట్లను గుర్తించారు. రెబెక్కా హీల్డ్, ఫ్రాంక్ మెకియోన్ చేసింది అన్నిటికంటే సూటి ప్రయోగం. లామిన్ ఏలో 22వ, 392వ స్థానాల్లోని సెరీన్‌లను తీసి, ఫాస్ఫేట్ అంటడానికి వీల్లేని అలనీన్‌లను పెట్టారు. ఆ మార్చిన లామిన్ ఉన్న కణాలు విభజనకు సిద్ధమైనా లామినా విడిపోలేదు. ఆజ్ఞ వచ్చింది, అందుకునే చోటు లేదు, గోడ నిలిచిపోయింది. ఇక కారణం, కార్యం ఏవన్న సందేహానికి తావు లేదు. లామిన్ అణువు మధ్యలో పొడవాటి కడ్డీ భాగం ఉంటుంది. ఈ రెండు సెరీన్‌లు ఆ కడ్డీకి చెరో కొసన ఉన్నాయి. లామిన్ జంటలు ఒకదాని తల మరోదాని తోకకు తగులుకుని తంతువులవుతాయి. సరిగ్గా ఆ తగులుకునే చోట ఋణావేశం గల ఫాస్ఫేట్ వచ్చి చేరితే పట్టు సడలుతుంది.

ఊడదీయడం సగం కథ, తిరిగి కట్టడం మిగతా సగం. దీన్ని మన పాఠాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి, కానీ వంశవృద్ధికి అసలు ఆధారం ఇదే. విభజన చివర సైక్లిన్ నాశనమవుతుంది, సీడీసీ2 కైనేజ్ చల్లబడుతుంది. అంతమాత్రాన పాత ఫాస్ఫేట్లు వాటంతట అవి ఊడవు, ఊడదీసేవారు కావాలి. ఆ పని చేసేవి ఫాస్ఫటేజ్‌లు. లామిన్ల విషయంలో ఒకటో రకం ఫాస్ఫటేజ్ ఈ పని చేస్తుందని 1997లో ఆధారాలతో చూపించారు. 2000 నాటికి, కేంద్రక పొరలోని ఏకేఏపీ149 అనే మాంసకృత్తు ఆ ఫాస్ఫటేజ్‌ను సరిగ్గా గోడ లేవాల్సిన చోటికి రప్పిస్తుందని తెలిసింది. అంటే కణం లామిన్లను ఎక్కడపడితే అక్కడ అల్లుకోనివ్వదు. పొరలు క్రోమోజోముల చుట్టూ చేరాక, ఆ అంచున ఫాస్ఫేట్ తొలగి లామిన్ల పట్టు తిరిగి బిగుస్తుంది. చేర్చే కైనేజ్, తీసే ఫాస్ఫటేజ్, ఈ రెండింటి తూకంలోనే గోడ నిలవడమూ ఊడడమూ ఉంది. ఏది ఎంత ఉందో కొలవకుండా ఈ తూకం తెలిసే అవకాశమే లేదు.

మరో అభ్యంతరం: భాస్వరానికి మరీ పెద్దపీట వేస్తున్నామా? గోడ ఊడడంలో వేరే బలాలు లేవా? ఉన్నాయి, వాటిని దాచనక్కరలేదు. 2002లో వెలువడిన పరిశోధనలు సూక్ష్మనాళికలు, వాటి మీద నడిచే డైనీన్ మోటార్లు కేంద్రక పొరను లాగి చింపుతాయని చూపించాయి. రంధ్రాల సముదాయాలు విడిపోవడం వేరే ఘట్టం. లామిన్ బీకి కొవ్వు జాతి తోక ఒకటి అంటి ఉండడం వల్ల అది పొరను వదలదు. ఇవన్నీ నిజం. అయినా నా వాదన చెడదు. రంధ్రాల సముదాయాలు విడిపోవడం కూడా ప్రధానంగా ఫాస్ఫేట్ ఆజ్ఞ మీదనే జరుగుతుంది. లాగే బలాలు గోడను చింపగలవు కానీ, లామిన్లను తిరిగి వాడుకునేంత శుభ్రంగా విడదీయలేవు. హీల్డ్, మెకియోన్ ప్రయోగంలో రెండు సెరీన్‌లు మారితే చాలు, లామినా నిలబడిపోయింది. ఒక చర్యకు సాయపడేవి చాలా ఉండవచ్చు, అది జరగాలా వద్దా అని తేల్చేది ఏదో చూడాలి. లామినా విషయంలో తేల్చేది ఫాస్ఫేట్.

హైదరాబాద్ ఈ చరిత్రలోకి వచ్చేది ఇక్కడే. అక్కడి ప్రాంతీయ పరిశోధనాలయంలోని జీవరసాయన విభాగం నుంచి 1977లో సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) రూపుదిద్దుకుంది. దాని వ్యవస్థాపకుడు పుష్ప మిత్ర భార్గవ. నెక్కొండలో రైలెక్కి కాజీపేట మీదుగా సికింద్రాబాద్‌లో దిగితే, తార్నాక దాటగానే హబ్సిగూడలో సీసీఎంబీ ప్రాంగణం కనిపిస్తుంది. అక్కడ వీణా పర్ణాయిక్ తన విద్యార్థులతో ఏళ్ళ తరబడి లామిన్ల మీద పనిచేశారు. వారు అడిగిన ప్రశ్న మిగతా ప్రపంచం అడుగుతున్నదానికి కాస్త భిన్నమైనది. లామిన్లు గోడలోనే ఉంటాయా, కేంద్రకం లోపల కూడా ఉంటాయా? ఉంటే ఏం చేస్తాయి? 1999లో ఆ బృందం కేంద్రకం లోపలి లామిన్ చుక్కలు, ఆర్‌ఎన్‌ఏను కత్తిరించి అతికే కారకాలున్న చోట్లతో కలిసి కనిపిస్తున్నాయని ప్రచురించింది. 2002లో ఆ చుక్కలు చెదిరితే ఆ కారకాల అమరికా, జన్యువుల నకలు తీసే పనీ దెబ్బతింటాయని చూపించింది. 2006లో వ్యాధి కలిగించే లామిన్ మార్పులు డీఎన్‌ఏ మరమ్మతుకు అడ్డొస్తాయని తెలిపింది. తర్వాతి కాలంలో ఇతర దేశాల పరిశోధనలు, విభజన లేని వేళ కూడా కొన్ని లామిన్లు 22వ సెరీన్ మీద ఫాస్ఫేట్‌తో కేంద్రకం లోపల తిరుగుతుంటాయని తేల్చాయి. ఆ లోపలి లామిన్లను పట్టించుకోవాలని ముందుగా పట్టుబట్టినవారిలో హైదరాబాద్ ప్రయోగశాల ఒకటి. వైద్యపరంగా కూడా ఇది చిన్న సంగతి కాదు. లామిన్ ఏ, సీలకు మూలమైన జన్యువులో లోపం కండరాల క్షీణతకు దారితీస్తుందని 1999లో తెలిసింది. పసిపిల్లలను అకాల వృద్ధాప్యానికి గురిచేసే ప్రొజీరియాకూ అదే జన్యువులోని మార్పు కారణమని 2003లో తేలింది. ప్రొజీరియాకు లోనాఫార్నిబ్ అనే మందును 2020 నవంబర్‌లో అమెరికా ఆమోదించింది.

చివరి అభ్యంతరం మనవాళ్ళ నుంచే వస్తుంది. సుబ్బారావు లామిన్ పేరైనా విని ఉండడు, 1948లోనే కన్నుమూశాడు. గెరేస్ వాడింది రేడియోధార్మిక భాస్వరం, నీలిరంగు పద్ధతి కాదు. అలాంటప్పుడు ఆయన్ను ఈ కథలోకి తేవడం ఊరి అభిమానం కాదా? ఆయన లామినా రహస్యం కనుగొన్నాడని ఎవరైనా అంటే అది అభిమానమే, నేను అనడం లేదు. నేనంటున్నది ఇంతే: కైనేజ్ తీసి లామిన్‌కు అంటించే ఫాస్ఫేట్ ఏటీపీలోది. ఆ ఏటీపీని లోకానికి చూపించిన ఇద్దరు ముగ్గురిలో ఆయన ఒకరు. అంతకంటే ముఖ్యంగా, కణంలో భాస్వరం ఎక్కడ, దేనికి, ఎంత గట్టిగా కట్టుబడి ఉందో లెక్క తీయాలన్న అలవాటును ఫిస్కే-సుబ్బారావు పద్ధతి జీవరసాయన ప్రయోగశాలలన్నిటికీ నేర్పింది. పరికరం మారింది, అడిగే ప్రశ్న మారలేదు. ఏ వృత్తిలోనైనా వారసత్వం ఇలాగే నడుస్తుంది. 1925 నాటి నీలం చుక్క నుంచి 1990 నాటి సెరీన్ మార్పిడి దాకా నడిచింది ఒకే వృత్తి.

ఈ చరిత్ర మన తరగతి గదులకు చేరాలి. నెక్కొండలోనైనా నర్సంపేటలోనైనా జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకులు సమవిభజన బొమ్మ గీసేటప్పుడు, కేంద్రక త్వచం దగ్గర ఒక్క ఐదు నిమిషాలు ఆగాలని నా మనవి. మన ఒంటి కణాల్లో ఆ గోడ నశించదని, లామిన్లుగా విడిపోయి తిరిగి అల్లుకుంటుందని చెప్పాలి. అది ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. ఏ సెరీన్‌ను మారిస్తే ఏం జరిగిందో, అందువల్ల ఏది రుజువైందో వివరించాలి. ఫలితం కంటికి ఎలా కనిపించిందన్నది మాత్రమే చదివిన విద్యార్థి పరీక్ష రాస్తాడు. అది ఎలా రుజువైందో కూడా తెలుసుకున్న విద్యార్థి రేపు ఇంకొక ప్రశ్న అడుగుతాడు. సుబ్బారావు నుంచి పర్ణాయిక్ దాకా ఈ పనిని ముందుకు నడిపింది అలాంటి ప్రశ్నలే.